వదినకి అక్కడ ఎవరున్నారు?

మే నెల మొదటి ఆదివారం పొద్దున, మేమింకా కాఫీ కలుపుకోకముందే, ఇంగ్లండ్ నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన పోయింది. ష్రాప్‌షైర్‌లో తన ఊళ్ళో, తన ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టీ తాగుతూ పోయింది. అక్కడందరికీ వదిన డాక్టరే. ఫోన్ చేసిన పక్కింటావిడ ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: "డాక్టర్ వెళ్ళిపోయిందండీ. కప్పు సాసర్లోనే ఉంది. చుక్క కూడా ఒలకలేదు." ఒలక్కపోవడం ఆవిడకి ఎందుకంత ముఖ్యమో నాకు వెంటనే తట్టలేదు. పాపం, చెప్పడానికి అంతకంటే మంచిమాట దొరికి ఉండదు.

మా ఆయనకి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా మొహం చూసి, "అక్కయ్యేనా?" అన్నారు. తలూపాను. కుర్చీలో కూలబడి, టేబుల్ మీది ఉప్పుసీసా చేతిలోకి తీసుకున్నారు. డాక్టర్లు ఇప్పట్లో విమానం ఎక్కొద్దన్నారు. పిల్లలు మేం వెళ్తామన్నారు గానీ వదిన ఎప్పుడో చెప్పి పెట్టింది: "నేను పోతే ఎవరూ విమానాలెక్కి పరిగెత్తుకు రావద్దు. మీరొచ్చినట్టు నాకు తెలీదు, మీకు ఒళ్ళు హూనం." చివరికి ఆయన ఒకే మాట అన్నారు. "నేను కూడా వెళ్ళకపోతే అక్కడ ఆవిడకి ఎవరున్నారు?"

ఈ ప్రశ్న మా ఇంట్లో కొత్తది కాదు. నలభై ఏళ్ళుగా గోడకి కొట్టిన మేకులా ఉంది. ఈసారి దానికి జవాబు ఎవరిచ్చారో చెప్పాలంటే వదిన గురించి మొదట్నుంచీ చెప్పుకు రావాలి.

వదిన నాకు స్వయానా ఆడపడుచు. మా ఆయనకి పదేళ్ళు పెద్ద. ఆడపడుచు పోతే తమ్ముడి పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూ పేజీలు నింపడం మీరెక్కడా చూసి ఉండరు. నేనూ చూడలేదు. ఆవిణ్ణి మొదటిసారి చూడబోయే ముందు మా అమ్మ గుంటూరు నుంచి జాగ్రత్తలు చెప్పి పంపింది. ఆవిడకంటే ముందు నిద్ర లేవాలి. కూర్చోమంటేగాని కూర్చోకూడదు. కూరలో ఉప్పెక్కువైతే, ఆవిడ అనకముందే మనమే అనేయాలి. వీటిలో ఏ ఒక్కటీ నాకు పనికిరాలేదు.

నేను పెళ్ళయి అమెరికాలో ఈ పార్సిప్పనీ వచ్చింది డెబ్భై ఎనిమిదిలో. ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా తాలింపు వాసనే. అప్పట్లో తెలుగుమాట చెవిన పడాలంటే శనివారం దాకా ఆగాలి. ఆయన పొద్దున్నే కారేసుకుని ఆఫీస్‌కి వెళ్తే నేను రెండో అంతస్తు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేదాన్ని. కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేని ఊరు. శనివారం వస్తే ఆయన స్నేహితులు ఊడిపడేవారు, అందరికీ వంట. మా ఆయన చెడ్డవారేం కాదు, తొందర మనిషి. డ్రైవింగ్ నేర్చుకో అనేవారు. కాలేజీలో కోర్స్ తీసుకో, ఫోన్ మోగితే నువ్వే ఎత్తు, ఇంగ్లీషులో మాట్లాడు, కాస్త నవ్వుతూ ఉండు. ఒకటి చేతనయ్యేలోపల ఇంకోటి వచ్చి పడేది. చలికాలం గడిచేసరికి నేను నవ్వడం సరే, మాట్లాడటమే తగ్గించేశాను.

ఆ మరుసటేడు మే నెలలో, అమ్మని చూసొస్తానన్నాను. టికెట్ బుక్ చేశారు. చూసి రావడం నా ఉద్దేశం కాదు. వెళ్ళి ఉండిపోదామని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. లండన్‌లో విమానం మారాలి కాబట్టి, "దారిలో అక్కయ్య దగ్గర వారం ఉండి వెళ్ళు," అన్నారు ఆయన. కాదనడానికి కారణం దొరకలేదు.

హీత్రోలో నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషిని చూసి తెల్లబోయాను. నేత చీర మీద రెయిన్‌కోటు, కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఏదో పొలంలో రైతు గొర్రెపొట్టేలు కొమ్ము తగిలి పడ్డాడట, ఆయనకి కుట్లు వేసి అట్నుంచి అటే వచ్చిందట. వదిన ఆ ఊరి డాక్టరు. ఆవిడ భర్త, నాకు అన్నయ్య వరస, పక్క టౌన్‌లో స్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్ళకి పిల్లల్లేరు.

"నమస్కారం వదినగారూ," అన్నాను, అమ్మ నేర్పినట్టు.

"ఆ గారు తీసెయ్యి అమ్మాయ్. ఇక్కడి వానకి తడిసి బరువెక్కుతుంది," అంది వదిన, నా పెట్టె లాక్కుంటూ.

ఊరు దగ్గర పడేసరికి దారులు సన్నబడ్డాయి. ఒక్క కారు పట్టేంత వెడల్పు, రెండు వైపులా మనిషెత్తు పొదల కంచెలు, పైన బూడిదరంగు మబ్బు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వదిన కారుని అరమైలు వెనక్కి నడిపేది, మెడ వెనక్కి తిప్పి, నాతో కబుర్లు ఆపకుండా. ఆవిడ కబుర్లలో ఎక్కడా ప్రశ్న అనేది లేదు. తమ్ముడెలా ఉన్నాడు, కాపురం ఎలా ఉంది, విశేషమేమన్నా ఉందా, ఇవేవీ అడగలేదు. ఆవిడకి నేనంటే పట్టదేమో అనుకున్నాను మొదట.

రెండో రోజో మూడో రోజో, వాన కాసేపు ఆగితే పెరట్లోకి వెళ్ళాను. కంచె వారన ఎర్రటి కాడలు, వాటి మీద వెడల్పాటి పచ్చటి ఆకులు. కాడ చివర గిల్లి నోట్లో వేసుకున్నాను. పులుపు! పళ్ళు జివ్వుమన్నాయి.

"గోంగూర!" అని అరిచాను. ఆ ఏడాది మొత్తంలో నేను గొంతెత్తి అన్న మొదటి మాట అదే. అరిచి, ఆకులు చకచకా తుంచి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టాను.

"ఆగు! ముట్టుకోకు!" వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వెనకాలే అన్నయ్యగారు వచ్చి, నా కొంగులో ఆకులు చూసి, గోడకి ఆనుకుని ఒకటే నవ్వు. "ఇద్దరూ గుంటూరు మహాతల్లులే," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చెప్పారు ఆ కథ. వదినా వాళ్ళు ఆ ఊరు వచ్చిన కొత్తలో, మొదటి వసంతంలో, వదినకీ ఇదే దృశ్యం కనబడిందట. ఇదే అరుపు అరిచిందట. దాని పేరు రూబార్బ్ అనీ, ఇంగ్లీషువాళ్ళు కాడలు ఉడకబెట్టి పంచదార వేసి తింటారనీ, ఆకులు మాత్రం విషమనీ ఆవిడకి తెలీదు. తెలుగువాళ్ళం గోంగూరలో ఏం చేస్తాం? ఆకు వాడి కాడ పారేస్తాం. వదినా అదే చేసింది. ఆకులన్నీ కోసి బకెట్లో కడిగి, కాడల్ని చెత్తకుప్ప మీద పడేసింది. పక్కింట్లో ఒక పెద్దావిడ. భర్త పోయాక ఊరి పోస్టాఫీసు నడిపేది. కిటికీలోంచి ఇదంతా చూసి, కొత్త డాక్టరు ఉసురు తీసుకోబోతోందని తెలిసి, గేటు మీదుగా చుట్టు తిరిగి వచ్చే తీరిక లేక, ముళ్ళకంచెలో దూరి, ఏప్రాన్ చింపుకుని, మోచేతులు గీసుకుని, "ఆకులొద్దు! ఆకులొద్దు!" అని కేకలు పెడుతూ ఇవతలకొచ్చి పడింది.

అంత వయసు మనిషి కంచెలోంచి మన పెరట్లో వచ్చి పడితే నోటికి ఏం వస్తుంది? "అయ్యయ్యో, పిన్నిగారూ!" అంది వదిన.

పడ్డావిడకి వినబడింది 'పెన్నీ' అని. పెన్నీ అంటే వాళ్ళలో ఆడవాళ్ళకి మామూలుగా ఉండే పేరు. ఈవిడ పేరు మాత్రం అది కాదు. కొత్తగా వచ్చిన డాక్టరు ఎవరో చెప్పగా తప్పుగా విని ఉంటుంది, దిద్దితే చిన్నబుచ్చుకుంటుంది అనుకుంది ఆవిడ. ఇంగ్లీషువాళ్ళ మర్యాద అలాంటిది. దిద్దలేదు. వదినకి నోరలవాటైంది, ప్రతిరోజూ కంచె మీదుగా "పిన్నీ" అని కేకేసేది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళు విన్నారు. చర్చిలో ఫాదర్ విన్నాడు. ఏళ్ళు గడిచేసరికి ఊరు ఊరంతా ఆవిణ్ణి పెన్నీ అనడం మొదలుపెట్టింది. ఆవిడ అసలు పేరేమిటో చాలా ఏళ్ళ దాకా నాకు తెలీదు.

"మరి మీరు చెప్పలేదా వదినా, అది పేరు కాదని?" అన్నాను.

"తన పేరు నాకు ఆవిడ చెప్పలేదు, నా మాటకి అర్థం ఆవిడకి నేను చెప్పలేదు. సరిపోయింది," అంది వదిన. అని, నేను గిల్లిన మొక్క దగ్గర చతికిలబడి మట్టి సర్దుతూ, "ఇది పిన్ని తన దుబ్బులోంచి చీల్చి ఇచ్చింది, మొన్న చలికాలంలో పాతాను. మొదటేడు దీన్నేమీ అడక్కూడదు. ఎంత ఎర్రగా ఊరించినా కాడ లాగకూడదు. వేరు పట్టనివ్వాలి," అంది.

నాకు ఏమైందో తెలీదు. అక్కడే తడిగడ్డిలో కూర్చుని ఏడ్చాను. అన్నయ్యగారు మెల్లగా లోపలికి వెళ్ళిపోయారు. వదిన ఓదార్చలేదు, దగ్గరికి కూడా రాలేదు. మట్టి సర్దుతూనే అడిగింది, వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న: "ఏమడుగుతున్నాడు నిన్ను, ఆ వెధవ?"

చెప్పాను. డ్రైవింగ్, కోర్స్, శనివారాలు, నవ్వు. వెళ్ళిపోతున్నాననీ, తిరిగి రాననీ కూడా చెప్పాను. ఆడపడుచుతో, సొంత తమ్ముడి గురించి. మా అమ్మ వింటే మూర్ఛపోయేది.

వదిన లేచి బూట్లతోనే లోపలికి నడిచి అమెరికాకి ఫోన్ కలిపింది. ఆ రోజుల్లో ఆ దేశానికి ఫోన్ కలపడమంటే ఇంట్లో ఏదో అయితేనే. అవతల మా ఆయన హడలిపోయి ఉంటారు. "ఒరేయ్ తమ్ముడూ, అందరం బాగానే ఉన్నాం. ఒక్క మాట విను. ఈ ఏడాది ఆ పిల్లని ఏమీ అడక్కు. ఊఁ. ఏమీ అంటే ఏమీ. నవ్వమని కూడా అడక్కు," అని పెట్టేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వెళ్ళు. మీ అమ్మ దగ్గర ఎన్నాళ్ళు ఉండాలనుంటే అన్నాళ్ళు ఉండు. తిరిగొస్తే ఇటు మీదుగా రా, రాకపోతే జాబు రాయి. ఆ గదిలో పక్క తీయను," అంది.

ఉండిపొమ్మని కానీ, తిరిగి రమ్మని కానీ అనలేదు చూడండి. అందుకే వచ్చానేమో. వానలు పడే దాకా అమ్మ దగ్గర ఉండి, అటు మీదుగానే తిరిగి వచ్చాను. పక్క తీయలేదు ఆవిడ. దిండు మీద ఉతికిన గలీబు కూడా ఉంది. మా ఆయన గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆయన అక్క మాట తు చ తప్పకుండా పాటించారు. ఆ ఏడాదంతా నన్ను కాఫీ కూడా అడక్కుండా తనే కలుపుకునేవారు, చూస్తే జాలేసేది. ఆఖరికి డ్రైవింగ్ నేర్పమని నేనే అడిగాను.

ఎనభైల్లో ఇద్దరు పిల్లలతో ఇండియా వెళ్ళినప్పుడల్లా మా మజిలీ అక్కడే. మా అమ్మాయి, అబ్బాయి పార్సిప్పనీలో తెలుగువాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అని పిలిచి పిలిచి, అక్కడా "ఆంటీ" అనబోతే వదిన ఊరుకునేది కాదు. "ఆంటీ ఎవరే? నేను మీ నాన్న అక్కని. మీకు మేనత్తని. ఏదీ, అత్తయ్యా అను."

"అట్టయ్యా," అనేవాళ్ళు అమెరికా నోళ్ళతో.

"అట్టు కాదు. సరేలే, అట్టు పోసేదాన్నేగా," అని దోసెలు పోసేది.

పక్కింటి పెద్దావిడ ఏమవుతుందని మా అమ్మాయి అడిగితే, వదిన ఏమాత్రం తడుముకోకుండా, "నాకు పిన్ని అంటే మీ నాన్నకీ పిన్నే. మీకు మామ్మ వరస," అని తేల్చేసింది. పిల్లలు ఆవిణ్ణి పెన్నీ మామ్మ అనేవాళ్ళు. మధ్యాహ్నం వదిన రూబార్బ్ కాడలు వేసి పప్పు వండి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ తాలింపు పెడితే, ఆవిడ గ్లాసుడు మంచినీళ్ళు పక్కన పెట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని మారు వడ్డించుకునేది. సాయంత్రం ఆవిడ అవే కాడలతో పైన పిండి చల్లి తీపి వంటకం కాల్చి పట్టుకొస్తే, మా అన్నయ్యగారు దాని మీద చిటికెడు కారం జల్లుకుని తినేవారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి తలలు అడ్డంగా ఊపుకునేవారు.

వదినతో పాటు ఇళ్ళకి వెళ్ళేదాన్ని అప్పుడప్పుడూ. రోగి మంచం మీద కూర్చునేది, కుర్చీ వేసినా సరే. స్టెతస్కోపు రెయిన్‌కోటు జేబులోంచి తీస్తే దానితో పాటు పిప్పరమెంటు బిళ్ళలు రాలేవి. "ఊఁ, చెప్పు," అని తెలుగులోనే మొదలుపెట్టేది చాలాసార్లు. వాళ్ళకి అర్థమైపోయేది. తిరిగి వచ్చేటప్పుడు కారు వెనకసీట్లో గుడ్లో, జామ్ సీసానో ఉండేది. ఆవిడంటే నాకు భయం పోయి, గౌరవం వచ్చి, ఆ గౌరవం ఎప్పుడు ప్రేమయిందో తెలీదు. మా అమ్మ తర్వాత నేను అంత నమ్మిన మనిషి లేదు.

ఎనభై ఆరులో అన్నయ్యగారు స్కూల్లో పాఠం చెబుతూ గుండె ఆగి పోయారు. మా ఆయన వెళ్ళి, అన్నీ జరిపించి, వదినని వెంటబెట్టుకుని పార్సిప్పనీ వచ్చారు. అప్పటికి మేం సొంత ఇల్లు కొన్నాం. కింద ఒక గది, పక్కనే బాత్రూం, అన్నీ ఆవిడ కోసమే సిద్ధం చేశారు. గ్రీన్ కార్డ్ సంగతి లాయర్‌తో మాట్లాడి పెట్టారు. వదిన దేనికీ కాదనలేదు. ఆ మంచం మీద అతిథిలా ఒక చివర పడుకునేది.

నడక అలవాటున్న మనిషి. మా ఊళ్ళో నడవడానికి చోటేదీ? ఒకరోజు రూట్ నలభై ఆరు వెంబడే, చీరా బూట్లతో, బండ్ల పక్కన నడుచుకుంటూ పోతుంటే పోలీసు కారు ఆగి, "అమ్మా, తప్పిపోయారా?" అని అడిగి తీసుకొచ్చి దింపాడు. "పాపం, మంచి కుర్రాడు. నడుస్తున్నానంటే నమ్మలేదు," అంది వదిన నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలుసు. ఒకప్పుడు నేను అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన నవ్వు.

ఆ వారమే గార్డెన్ సెంటర్‌కి తీసుకెళ్ళమని నన్నడిగి, రూబార్బ్ మొక్క ఒకటి కొని మా పెరట్లో పాతింది. మరో ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, తిరిగి వెళ్తానంది.

"ఎందుకక్కయ్యా? అక్కడ నీకెవరున్నారు?" అన్నారు మా ఆయన.

"పిన్ని ఉంది."

"పిన్నా! ఆవిడ పెన్నీ అక్కయ్యా. ఊరంతా పెన్నీ అంటుంది. పిన్ని అని నువ్వొక్కదానివే అనుకుంటున్నావు, ఆవిడక్కూడా తెలీదు. రేపొద్దున నీకేదన్నా అయితే, నావాళ్ళు అని ముందుకొచ్చి నిలబడేది ఎవరు?"

వదిన తల వంచుకుంది. మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అలా తల వంచుకోవడం ఆవిడలో నేను అంతకు ముందు చూడలేదు. నాకు కోపమొచ్చింది, నిజంగా.

"ఇక్కడ ఆవిడకిది మొదటేడు," అన్నాను. "ఏమీ అడక్కండి."

ఆయనకి గుర్తుంది ఆ మాట. పక్క వారమే వదిన వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో నా చెవి దగ్గర, "పెరట్లో దాన్ని వచ్చే ఏడు దాకా లాగకు," అని మాత్రం చెప్పింది.

ఎనభై తొమ్మిది వేసవిలో మళ్ళీ వెళ్ళేసరికి పిన్ని లేదు. ముందటి చలికాలంలో పోయింది. ఆవిడ కూతురు, ఎక్కడో టౌన్‌లో ఉద్యోగం మానుకుని, తల్లి ఇంట్లోకి వచ్చి ఉంటోంది. వదిన మమ్మల్ని చర్చి వెనక ఉన్న సమాధుల దగ్గరికి తీసుకెళ్ళింది. బూడిదరంగు రాయి మీద పొడుగాటి పేరు, దాని కింద కొటేషన్ల మధ్య, అందరూ పిలిచే పేరు. పెన్నీ. పిల్లలు మమ్మల్ని అడక్కుండానే చేతులు జోడించారు. వదిన చీరకొంగుతో అక్షరాల్లో పట్టిన నాచు తుడుస్తూ, "చూశావా అమ్మాయ్, రాయి మీద చెక్కేశారు," అంది. గుంటూరు జిల్లా మాట ఒకటి ఆ దేశపు మట్టిలో అలా నిలబడి ఉంటే, మా ఆయన మాత్రం కారు దగ్గరికి నడుస్తూ నాతో మెల్లగా అన్నారు: "వాళ్ళు పేరనుకునే చెక్కారు. చుట్టం అనుకుని కాదు." ఆయన అన్నది అబద్ధం కాదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా పిన్ని కూతురూ వదినా పక్కపక్కనే బతికారు. మేం ఫోన్ చేస్తే ఒక్కోసారి ఆవిడే ఎత్తేది. ఆదివారం పొద్దున ఆ కప్పు సంగతి చెప్పింది ఆవిడే.

వారం తర్వాత మళ్ళీ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను, మా ఆయన పక్కనే ఉన్నారు. శవపేటిక సంగతి, దహనం సంగతి, అన్నీ వివరంగా చెప్పింది. ముందు వరసలో కుటుంబం కూర్చోవాలట, ఎవరొస్తారని అడుగుతున్నారట. ఎవరూ రాలేకపోతున్నామని మా ఆయన చెప్పారు.

"ఇంకొకటి అడగనా?" అంది ఆవిడ. "మా అమ్మ పేరు పెన్నీ కాదు. డాక్టరు పిలిచిందని అందరూ పిలిచారు. ఎందుకు పిలిచిందో అమ్మకీ తెలీదు, ఎప్పుడూ అడగలేదు, బాగుండదని. ఇప్పుడు మిమ్మల్ని అడక్కపోతే ఇంక అడగడానికి ఎవరూ ఉండరు."

"అది పేరు కాదండీ," అన్నాను. "మా భాషలో పిన్ని అంటే అమ్మకి చెల్లెలు."

అవతల ముక్కు చీదిన శబ్దం వినబడింది. తర్వాత, వాళ్ళకి అలవాటైన ఆ మర్యాద గొంతుతో, ఎక్కువ అడుగుతున్నానేమో అన్నట్టు అడిగింది. "అయితే నేను... డాక్టరుకి నేనేమవుతాను?"

నేను నోరు తెరిచేలోపల మా ఆయన ఫోన్ మీదికి వంగారు. వాకర్ పడిపోయింది, చూసుకోలేదు. "చెల్లి," అన్నారు తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో, "మీరు ఆవిడకి చెల్లెలు. ముందు వరసలో మీరు కూర్చోవాలి. మీరుండగా ఇంకెవరూ అక్కర్లేదు," అన్నారు. అని బావురుమన్నారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

"షెల్లీ?" అంది ఆవిడ జాగ్రత్తగా.

మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. షెల్లీ కూడా వాళ్ళలో ఆడవాళ్ళ పేరే.

"అవును. అదే," అన్నారు మా ఆయన.

మొన్న దహనం ఇక్కణ్ణుంచే ట్యాబ్‌లో చూశాం. చిన్న హాలు, నిండా జనం, వెనక నిలబడ్డవాళ్ళలో రబ్బరు బూట్లు వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ముందు వరసలో ఒక్కతే తెల్లజుట్టు ఆవిడ, ఒళ్ళో ఏదో గుడ్డ కప్పి పెట్టుకుని. "ఇప్పుడు డాక్టరుగారి చెల్లెలు, షెల్లీ, వస్తారు," అన్నాడు కార్యక్రమం నడుపుతున్నాయన. ఆవిడ లేచి, నెమ్మదిగా నడిచి, గుడ్డ తీసి, పురికొసతో కట్టిన రూబార్బ్ కట్ట పెట్టె మీద ఉంచింది. ఎర్రటి కాడలు. ఒక్కదానికీ ఆకు లేదు.